దుంగల తోరణము
సింగరేణి సంస్థ యాజమాన్యమునకు ఒక బహిరంగ లేఖ

సెంటినరీ కాలనీ,
పెద్దపల్లి జిల్లా.

సింగరేణి కాలరీస్ సంస్థ చైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ గారికి, డైరెక్టర్లందరికి,

నేను తమ సంస్థలో మస్టరు పడినవాడను కాను. ఒక్కనాడైనను బాయి దిగి ఎరుగను. అయినను నేను తిన్న అన్నము బొగ్గు పెట్టిన అన్నమే. మా బాపు తట్ట, చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన కోల్‌ఫిల్లరు. మా పెద్దన్న బాయి కప్పుకు దుంగలు నిలుపు టింబర్‌మన్. వారిరువురి చెమట పుణ్యమున నాలుగక్షరములు నేర్చి, బాయి పని చేయువారి బిడ్డలకు ముప్పది యేండ్లకు పైగా తెలుగు చెప్పి, ఇప్పుడు కాలనీ ప్రక్కన కట్టుకొన్న చిన్న ఇంటిలో కాలక్షేపము చేయుచున్న పంతులను నేను. గడచిన కార్తీకమాసమున ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమందున్న మా బిడ్డ ఇంటికి పోయి, అచ్చట సముద్రపు టొడ్డు వెంట మూడు దినములు కారులో ప్రయాణము చేసి వచ్చితిని. అందు మొదటి దినమున నేను చూచినది తమకు విన్నవింపనిదే నా మనసు కుదుటపడదు. విషయము తమకెంత సంబంధించినదో మన బొగ్గుబెల్టులోని ప్రతి ఇంటికిని అంతే సంబంధించినది గనుక దీనిని అందరును చదువుకొనునట్లుగా వ్రాయుచున్నాను.

మా బిడ్డయు, అల్లుడును ఉండునది నగరమునకు పడమట పాయింట్ కుక్ అను పేట. తెల్లవారి ఏడు గంటలకు బయలుదేరి, జీలాంగ్ పట్టణము దాటి, టార్కీ అను ఊరికి చేరునప్పటికి ఎండ చక్కగా పరచుకొన్నది. కాని గాలి మాత్రము మన పుష్యమాసపు గాలివలె చెవులు కోయుచుండెను. ఆ ఊరినుండియే గ్రేట్ ఓషన్ రోడ్ అను మార్గము మొదలగును. అక్కడినుండి అలన్స్‌ఫర్డ్ వరకు 243 కిలోమీటర్లు అది సముద్రమును విడిచియు విడువక పోవును. కారు నిలిపి, కొండకొమ్మున ఒక బల్లపై కూర్చుండి, మా ఇంటిది కట్టి పంపిన సకినాలు తినుచు, ఫ్లాస్కులోని చాయ త్రాగుచు, నేను చాలసేపు ఆ నీటిని చూచితిని. గోదావరి ఒడ్డున పుట్టినవానికి నీరనిన ఆవలి గట్టు కనబడవలెను. ఇక్కడ ఆవలి గట్టు లేదు. దక్షిణముగా పోయినకొలది టాస్మేనియా ద్వీపము, దానిని దాటినచో మంచుఖండము. ఒక్కొక్క అల దూరమున నల్లని గీతగా పుట్టి, దగ్గరకు వచ్చుచు ఆకుపచ్చనై, కొన విరుగునప్పుడు లోపల వెలుగు దూరిన గాజువలె మెరసి, ఇసుకపై పడి తెల్లగా చెదరిపోవుచుండెను. దానిని చూచుటకు ఎంతసేపైనను విసుగు పుట్టలేదు.

టార్కీ దాటిన పిదప ఆంగ్లెసీ అను పల్లె వచ్చినది. అచ్చట మా అల్లుడు దారి మళ్లించి, "మామయ్యా, మీకొక సంగతి చూపిస్త" అని లోనికి తీసికొనిపోయెను. ఆ వీధి పేరు పలక చూచి నేను ఉలికిపడితిని. కోల్‌మైన్ రోడ్! ఇంత అందమైన సముద్రతీరమున బొగ్గుబాయి ఉండెనా అని అడిగితిని. ఉండెను. గోధుమవన్నె బొగ్గు తీయు ఓపెన్‌కాస్ట్ అది. దాని ప్రక్కనే 1969లో మొదలైన 150 మెగావాట్ల విద్యుత్కేంద్రము ఉండెను. ఆల్కోవా అను కంపెనీ ఆ విద్యుత్తును జీలాంగ్ వద్దనున్న తన అల్యూమినియము కర్మాగారమునకు పంపుచుండెడిది. కర్మాగారము 2014లో మూతబడినది. మరుసటి యేడు ఆగస్టులో గనియు, విద్యుత్కేంద్రమును మూతబడినవి. ఇప్పుడు ఏటవాలు గట్లను సరిచేసి, చెట్లు పెంచి, గుంతను నీటితో నింపి సరస్సుగా మార్చు సంకల్పముతో పని నడచుచున్నది. చుట్టునున్న పొదలనేల ఆర్కిడ్ పూలకు పేరుపడ్డదట. కంచె వెలుపల నిలిచి చూచుచుండగా, రామగుండములో 1971లో వెలుగు చూచి, మా తరమువారికి కరెంటు అనుమాటకు మారుపేరైన 62.5 మెగావాట్ల విద్యుత్కేంద్రము ఇటీవల ఆగిపోయిన సంగతి జ్ఞప్తికి వచ్చినది. బొగ్గు ఉన్నంతకాలమే బొగ్గూరు. తరువాత ఏమి మిగులును? ఈ ప్రశ్న తమకు కొత్తది కాదు. మా కాలనీ ప్రజలకు అంతకన్న కొత్తది కాదు.

ఇక్కడ ఒక మాట. గోదావరి లోయలోని మన నల్లబొగ్గును భూగర్భశాస్త్రజ్ఞులు గోండ్వానా బొగ్గందురు. ఆ మాట మన పొరుగు గోండుల నేల పేరునుండి పుట్టినది. కోట్ల యేండ్ల క్రిందట మన భూమియు, ఆస్ట్రేలియా భూమియు ఒకే ఖండముగా కలిసియుండెననియు, ఆ దేశపు తూర్పుభాగమున దొరకు నల్లబొగ్గు మన బొగ్గుకు తోబుట్టువనియు బడిలో సైన్సు సారు చెప్పగా వింటిని. ఆంగ్లెసీ బొగ్గు దానికంటె చాల చిన్నవయసుది. అయినను దూరదేశమున ఆ కంచె పట్టుకొని నిలిచినప్పుడు నాకు పరాయితనము తోపలేదు.

మరల తీరమునకు వచ్చి, 1891లో కట్టిన తెల్లని దీపస్తంభమును ఏరీస్ ఇన్‌లెట్ వద్ద చూచి, ముందుకు సాగితిమి. ఈ లేఖ వ్రాయుటకు హేతువైనది ఆ తరువాతి చోటు.

ఈస్టర్న్ వ్యూ అను చోట దారికి అడ్డముగా ఒక తోరణము కలదు. తోరణమనిన మన ఓరుగల్లు కీర్తితోరణమువంటి శిలాశిల్పమనుకొనరాదు. ఇరుప్రక్కల రాళ్లు పేర్చిన దిమ్మెలు, మోటుదుంగల నిట్టాడులు, వాని పైన అడ్డముగా మరికొన్ని దుంగలు, ఆ దుంగలకు దారి పేరు. అంతే. దేశదేశముల జనులు కార్లు నిలిపి ఫొటోలు తీసికొనుచు నవ్వుచుండిరి. నేను మాత్రము దిగిన చోటనే నిలిచిపోతిని. ఆ కట్టడమును నేను పసితనమునుండి ఎరుగుదును. మా పెద్దన్న రాత్రి షిఫ్టునకు పోవుటకు ముందు అన్నము తినుచు, పళ్లెములోని మెతుకులను ప్రక్కకు జరిపి వ్రేలితో గీసి చూపెడివాడు: "ఇటొక దుంగ, అటొక దుంగ, మీద అడ్డం. దీని కిందికెల్లే మనిషి పోవాలె, టబ్బు పోవాలె. కప్పు దిగుతుంటే ముందుగాల్ల చెప్పేది కట్టెనే తమ్మీ. కట్టె పలుకుతది. ఇనుము పలుకది."

కట్టె పలికెనో లేదో, పలికిన వినువ్యవధి ఉండెనో లేదో, ఒకనాటి రాత్రి కప్పు దిగినది. అప్పటికి నేను ఇంటరు చదువుచుంటిని. అకాలమున బాయి కూత వినబడగా వాడలోని ఆడవారందరును చెప్పులైనను లేక గేటువైపు పరుగెత్తిరి. వారిలో మా వదినె కూడ ఉండెను, ఆమె చేతికి పిండి అంటియే ఉన్నది. అది ఏ బాయి, ఎవరి పొరపాటు అని ఇక్కడ తీయుట నా ఉద్దేశము కాదు. నలుబది యేండ్లు నిండిపోయినవి. తోరణమునకు దగ్గరగా పోయి, మా అన్న సబ్బలుతో కప్పును తట్టి చప్పుడు వినునట్లు, నేను వ్రేలి గణుపుతో ఆ దుంగను తట్టితిని. గట్టి కట్టె. లోపల డొల్ల లేదు.

తోరణము చెంత పనిచేయు మనుష్యుల కంచు విగ్రహములు కలవు. ఆ దారి కథను వినుడు. మొదటి ప్రపంచయుద్ధమున, జనసంఖ్య యాబది లక్షలకైన నిండని ఆస్ట్రేలియా దేశమునుండి పోయినవారిలో దాదాపు 60,000 మంది మరలి రాలేదు. మరలి వచ్చినవారికి పని లేదు. కన్ను మూసినచో ఫిరంగుల మ్రోత. అప్పుడు జీలాంగ్ నగరాధ్యక్షుడు హోవర్డ్ హిచ్‌కాక్ మొదలైనవారు ఒక ట్రస్టుగా ఏర్పడి, చందాలు పోగుచేసి, చనిపోయిన సైనికులకు స్మారకముగా ఈ దారిని వేయింప సంకల్పించిరి. దానిని వేయు పని బ్రతికి వచ్చిన సైనికులకే ఇచ్చిరి. 1919లో మొదలిడి 1932 వరకు సుమారు 3,000 మంది గడ్డపారలతో, పారలతో, తోపుడుబండ్లతో, మందుగుండుతో నిట్రమైన ఆ రాతికొండల నడుమును తొలిచిరి. రోజుకు ఎనిమిది గంటల పని, పది షిల్లింగుల ఆరు పెన్నీల కూలి. గుడారములలో కాపురము, ఆ గుడారముల నడుమ వారికి వార్తాపత్రికలు, ఆటవస్తువులు, గ్రామఫోను, పియానో కూడ ఉండెడివట! అడవిలో కూలిపని చేయువారికి పియానో పంపవలెనని తోచినవారి మనసు ఎట్టిదో అని నేను దారిపొడుగున తలపోసితిని. తమ గుడారముల చుట్టునున్న బండలకు, లోయలకు వారు తాము పోరిన యుద్ధమును తలపించు పేర్లు పెట్టుకొనిరి. లోర్న్ దాటిన తరువాత ఆర్టిలరీ రాక్స్ అను చోటును నేను కన్నులార చూచితిని.

1922 మార్చిలో ఈస్టర్న్ వ్యూ, లోర్న్‌ల నడిమి భాగము తెరవబడినది. ఖర్చు రాబట్టుటకు సుంకము పెట్టిరి, కారుకు రెండు షిల్లింగులు. 1936లో దారిని ప్రభుత్వమునకు అప్పగింపగానే సుంకమును తీసివేసిరి. హిచ్‌కాక్ తన సంకల్పము నెరవేరుట చూడలేదు. 1932 నవంబరు ప్రారంభోత్సవమునకు కొలది నెలల ముందే ఆయన కన్నుమూసెను. ఊరేగింపులో గవర్నరు కారు వెనుక ఆయన కారును నడిపించిరని చెప్పుదురు. 2011లో ఆ దారి మొత్తమును ఆ దేశపు జాతీయ వారసత్వ జాబితాలో చేర్చిరి. ఒక స్తంభమును కాదు, ఒక భవనమును కాదు, దారినే. వాథరుంగ్, గాడుబనుడ్ అను ఆదిమవాసుల నేల గుండ ఆ దారి పోవుచున్నది. వారి నడకదారులు దానికంటె వేలయేండ్లు పాతవి. ఆ మాట తోరణము చెప్పదు. నేను చూచినంతలో, చనిపోయిన సైనికుల పేర్లు కూడ ఆ తోరణము చెంత కనబడలేదు. ఆ రెండు లోపములను తప్పించి మనము అంతకంటె మేలైన పని చేయవచ్చునని నాకు అక్కడనే తోచినది.

ఇప్పుడు మన దారికి వత్తును. 1871లో విలియం కింగ్ బొగ్గు జాడ తీసినది మొదలు, 1889లో ఇల్లెందులో తవ్వకము ప్రారంభమైనది మొదలు, ఎంత బొగ్గు పైకి వచ్చినదో తమ లెక్కలలో టన్నులతో సహా ఉన్నది. నూరేండ్లు నిండిన గుర్తుగా 1989 మా కాలనీకి ఈ పేరు ఇచ్చినది. సెంటినరీ అను మాటను రోజుకు పదిమార్లు పలుకువారిలో ఎందరికి ఆ నూరేండ్లలో కప్పు క్రింద మిగిలిపోయినవారు జ్ఞప్తికి వత్తురు? 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీరు ముంచుకొని వచ్చి 17 మంది పోయిరి. సరిగా నాలుగు నెలలకు, అక్టోబరు 16న, 8ఏ ఇంక్లయినులో కప్పు కూలి 10 మంది పోయిరి. 2022 మార్చిలో మా కాలనీకి కూతవేటు దూరముననున్న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి ముగ్గురు పోయిరి. ఇవి పేపరులో పడినవి. ఒక్కరొక్కరుగా పోయినవారి సంగతి పేపరులో నాలుగు పంక్తులు, వాడలో నాలుగు దినములు. యూనియన్లు జెండా దించి మౌనము పాటించుట నేనెరుగుదును. ఆ గౌరవమును తక్కువ చేయుట లేదు. కాని అది తేదీకి కట్టువడినది. తేదీ దాటిన మరునాడు జనులు తమ దారిన తాము పోదురు.

ఆ 'తమ దారిన' అను చోటనే నా మనవి ఉన్నది.

గోదావరిఖనినుండి 8 ఇంక్లయిన్ కాలనీ మీదుగ, మా సెంటినరీ కాలనీ మీదుగ మంథని వైపునకు పోవు రోడ్డును సింగరేణి మృతకార్మికుల స్మారకమార్గముగా తీర్చిదిద్దుడు. కొత్త రోడ్డు అక్కరలేదు. ఉన్న రోడ్డు ప్రక్కన, అంచెలంచెలుగ, మోకాలెత్తు రాళ్లు నిలుపుడు. ఒక్కొక్క రాతిపై ఒక్కొక్క మనిషి పేరు, చేసిన పని, పుట్టిన ఊరు. కోల్‌ఫిల్లరు, ట్రామరు, హాలర్ ఖలాసీ, టింబర్‌మన్, షాట్‌ఫైరరు, సర్దారు, ఓవర్‌మన్; అట్లే పర్మినెంటు చిట్టాలో లేని కాంట్రాక్టు కూలి కూడ. పని పేరు తప్పక చెక్కింపవలెను. రేపు యంత్రములే సమస్తము చేయు దినమున, టింబర్‌మన్ అనగా ఏమని ఒక పిల్లవాడు రాతి ముందు నిలిచి తండ్రిని అడుగును. ఆ తండ్రి చెప్పుకొనవలసి వచ్చును. ఒకప్పుడు లక్షకు మించియుండిన కార్మికసంఖ్య నేడు నలుబది వేల ప్రాంతమునకు దిగినది గనుక, ఆ పనులను ఎరిగినవారు బ్రతికియుండగనే ఈ పని కావలెను.

రెండవది, దీనిని ఏ హైదరాబాదు కాంట్రాక్టరుకో అప్పగింపక, పోయినవారి ఇండ్లలోని పిల్లలకు, రిటైరయిన కార్మికులకు కూలి ఇచ్చి చేయింపుడు. ఆస్ట్రేలియా దారి నాకు నేర్పినది ముఖ్యముగా ఇదియే. చచ్చినవారి జ్ఞాపకము బ్రతికినవారికి అన్నము పెట్టినది. రాయి చెక్కుట, గుంత తీయుట, వేప, కానుగ, చింత మొక్కలు నాటి రెండు వేసవులు నీరు పోయుట, పాత రిజిస్టర్లు వెదకి పేర్లు సరిచూచుట, ఊరూరు తిరిగి ముసలివారిని అడిగి వ్రాసికొనుట: ఇవన్నియు పనులే. వ్రాతపనికి జీతములేకయే నేను వత్తును. నావంటి పంతుళ్లు ఇంకను పదిమంది దొరకుదురు.

ఈ దారికి సముద్రము లేదు గదా, ఎవరు చూడవత్తురు అని కొందరందురు. మా బిడ్డకు నేను ఈ ఆలోచన చెప్పినప్పుడు ఆమెయు మొదట అదే అన్నది. ఈ దారిన బొగ్గులారీలు పోవును, దుమ్ము లేచును, మధ్యాహ్నము బ్లాస్టింగునకు కిటికీలు అదరును, నిజమే. కాని మన దారికి ఒకప్రక్క రామగిరి ఖిల్లా ఉన్నది. శ్రావణమాసమున జనులు మూలికలకొరకు ఆ కొండ ఎక్కుదురు. ఇంకొకప్రక్క మన చేతులతో మనము పోసిన మట్టిగుట్టలున్నవి. వానిపై సంస్థ నాటించిన చెట్లు ఇప్పుడు తలకెత్తు దాటినవి. వాన వెలసిన సాయంకాలమున ఆ మట్టిగుట్టల వరుసలు ఎరుపు, పసుపు, బూడిదవన్నె పొరలతో మెరయుచుండగా చూచినవారికి, లోర్న్ చేరువనున్న ఆ తొలిచిన కొండగట్లు వీని అక్కచెల్లెండ్రని తోచకపోదు. చూడవచ్చువారి సంగతి తరువాత. ప్రతిదినము ఆ దారిన షిఫ్టునకు పోవువారే మొదటి యాత్రికులు.

అపాయములను గుర్తుచేసిన పనివారి ధైర్యము చెడునందురు మరికొందరు. బాయి దిగువానికి అపాయము ఒకరు గుర్తుచేయవలసినది కాదు. తన పేరు మరువబడదని తెలిసినవాడు మరి కొంచెము నిబ్బరముగ దిగును. మరియు, ఆ రాళ్ల నడుమ నుండి ప్రతిదినము ఆఫీసునకు పోవు మేనేజర్లు, ఇంజినీర్లు సపోర్టు ప్లానుపై సంతకము పెట్టునప్పుడు ఒక నిమిషము అధికముగ ఆలోచింతురని నా ఆశ.

ఆ రాత్రి మేము అపోలో బే అను ఊరిలో దిగితిమి. ఎనిమిది గంటలు దాటినను వెలుగు పూర్తిగా పోలేదు. తరువాతి దినములలో పన్నెండుగురు అపొస్తలులని పేరుగల సున్నపురాతి స్తంభములను, అడవులను చూచితిమి. వానిని గూర్చి వ్రాయువారు చాలమంది కలరు. గది ముందటి అరుగుపై కూర్చుండి మా బిడ్డ నన్ను, "బాపూ, పొద్దటిసంది ఎందుకు సప్పుడు చేస్తలేవు?" అని అడిగెను. ఆమె పుట్టునాటికి మా అన్న లేడు. గోడమీద దండవేసిన ఫొటోగనే ఆయనను ఎరుగును. దుంగల సంగతి, పళ్లెములో గీసిన గీతల సంగతి, వదినె చేతి పిండి సంగతి మొదటిసారి ఆమెకు చెప్పితిని. ఆమె చాలసేపు ఊరకుండి, "పెద్దబాపు పేరు మనకాడ యాడనన్న రాసి ఉన్నదా?" అనెను. రేషన్‌కార్డులో కొట్టివేసిన గీత క్రింద ఉండెను. మరి యెచ్చటను లేదు.

8 ఇంక్లయిన్ దాటి మా కాలనీకి వచ్చు దారిలో, ఒక చింతచెట్టు క్రింద, మా అన్న సైకిలు ఆపి బీడీ ముట్టించుకొనెడి చోటు ఒకటి కలదు. ఆ చెట్టు ఇంకను ఉన్నది. దారిని కొలుచుటకు తమ సర్వేయర్లు వచ్చిన దినమున ఒక్క కబురు పంపుడు. చోటు నేను చూపెదను.

ఇట్లు,
విధేయుడు,
ఒక టింబర్‌మన్ తమ్ముడు